పద్నాలుగో వాక్యం రాసిన మనిషి

2022 జూన్ 8, బుధవారం, ఉదయం 10 గంటల 20 నిమిషాలు. మాదాపూర్‌లో మా కార్యాలయం నాలుగో అంతస్తు, లిఫ్టు ఎదుటి నడవ. ఆయనను మొదటిసారి చూసిన సమయమూ చోటూ ఇవి. నా దినచర్య పుస్తకంలో ఆనాటి పేజీలో ఇలా ఉంది: “తెలుగు పనికి కొత్త మనిషి చేరారు. గుర్తింపు కార్డు తిరగేసి వేసుకున్నారు. చెప్పాను. సరిచేసుకున్నారు. పదకొండున్నరకు చూస్తే మళ్ళీ తిరగబడి ఉంది.”

ఆ పేజీని ఇప్పుడు వెతికి తీయడానికి కారణం చిన్నది. గత గురువారం సాయంత్రం మెట్రోలో చందానగర్ వైపు ఇంటికి వెళ్తూ కరెంటు బిల్లు కట్టబోయాను. ఫోను మొరాయించింది. తెర మీద మూడు వాక్యాలు వచ్చాయి: “ఏదో పొరపాటు జరిగింది. తప్పు మీది కాదు. ఒక నిమిషం ఆగి మళ్ళీ చూడండి.” ఆ యాప్ మా సంస్థదే, మధ్య వాక్యం ఆయనది. ఇంగ్లిషు మూలంలో రెండు వాక్యాలే ఉన్నాయి. మూలంలో లేనిది ఎందుకు చేర్చారని అప్పట్లో నేను అభ్యంతరం రాశాను. ఫోనులో తప్పొస్తే మనవాళ్ళు ముందు తమనే తిట్టుకుంటారనీ, వేలు సరిగ్గా పెట్టలేదేమోనని చీర కొంగుకు తుడుచుకుని మళ్ళీ నొక్కుతారనీ, వాళ్ళ పరేషాన్ తగ్గించడానికి మూడు మాటలు ఎక్కువ కావనీ ఆయన జవాబు. వాక్యం నిలిచింది. ఆ రైలుపెట్టెలోనే ఎందరి ఫోన్లలో అది ఉందో తెలియదు. రాసిందెవరో తెలిసినదాన్ని మాత్రం బహుశా నేనొక్కదాన్నే. అందుకే ఈ రాత.

నా ఉద్యోగం పత్రాల నియంత్రణ. కార్యాలయంలో ఏ పని ఏ క్రమంలో జరగాలో చెప్పే ప్రతి కాగితానికీ ఒక సంఖ్య, ఒక తేదీ, రాసినవారి పేరు, ఆమోదించినవారి పేరు ఉండేలా చూడడం. పదహారేళ్ళుగా ఇదే పని. పేరు లేని కాగితం నా బల్ల దాటి వెళ్ళదు. అటువంటి నా పక్క బల్లకు, కాగితం మీద పేరెందుకని అడిగే మనిషిని తెచ్చి కూర్చోబెట్టారు.

ఆయనకు అప్పటికి యాభై ఐదేళ్ళు. తెల్లాపూర్ పక్క పల్లె ఆయన సొంత ఊరు. ఆ ఊరు ఇప్పుడు గేట్లున్న పెద్ద కాలనీల నడుమ రెండు వీధులుగా మిగిలింది. తాతలు పగటి వేషాలు వేసేవారు. పట్టపగలు తహసీల్దారుగానో, సాహుకారుగానో, పోలీసుగానో వేషం కట్టి, ఎవరి వేషమో వారి గుమ్మం ముందే నిలబడి వెక్కిరించి, వారి చేతనే నవ్వించే కళ అది. ఈయన వేషాలు వేయలేదు, వాటి గురించి చదువుకున్నారు. ఇరవై రెండేళ్ళు ప్రైవేటు డిగ్రీ కళాశాలల్లో తెలుగు చెప్పారు. తెలుగు తీసుకునే పిల్లలు కరువై ఒక్కో తరగతీ మూతపడుతుంటే, చివరికి ఫోను యాప్‌లు చేసే మా సంస్థలో మీటల మీది మాటలను తెలుగు చేసే పనికి వచ్చారు. ఏడాదికోసారి కాంట్రాక్టు. డిసెంబరు ముప్పై ఒకటిన ముగుస్తుంది, వీపీ గారు, అంటే మా వైస్ ప్రెసిడెంట్ గారు, సంతకం పెడితే జనవరి ఒకటిన మళ్ళీ మొదలవుతుంది. ఈ కుర్చీ పోతే ఈ వయసులో మాదాపూర్‌లో తనకు ఇంకో కుర్చీ లేదని ఆయన ఏ దాపరికమూ లేకుండా అనేవారు. ఏటా డిసెంబరు నెల వస్తే టీలో చక్కెర మానేసేవారు. ఎందుకని అడిగితే, సంతకం పడేదాకా ఏదో ఒకటి వదులుకుంటే మనసుకు నెమ్మది అన్నారు. ఇందులో ఏ సిద్ధాంతమూ లేదని కూడా ఒప్పుకున్నారు.

చొక్కా జేబులో రెండు పెన్నులుండేవి. రెండూ రాయవు. టీ తాగాక కాగితపు కప్పును బోర్లించి బల్ల మీద పెట్టేవారు. రోజుకు నాలుగు కప్పులు. సాయంత్రానికి బల్ల మీద చిన్న గోపురాలు నాలుగు నిలిచేవి. ఏదైనా గట్టిగా చెప్పదలచినప్పుడు గొంతు పెంచేవారు కాదు, తగ్గించేవారు. వినాలంటే మనమే ముందుకు వంగాలి. వంగిన తర్వాత ఒప్పుకోకుండా వెనక్కు రావడం కష్టం.

ఆయన పరిశోధన సగంలో ఆగింది. వస్తువు: సాహిత్య ప్రక్రియ, కర్తృత్వం, జాతర. పగటి వేషగాళ్ళు వీధిలో చెప్పే మాటలన్నీ సేకరించారు. విశ్వవిద్యాలయం వారి ఫారంలో ప్రతి పాఠానికీ రచయిత పేరు రాయాల్సిన గడి ఒకటుంది. ఈయన ప్రతి గడిలోనూ “ఊరు” అని రాశారు. ఫారం తిరిగొచ్చింది. “చాలామంది” అని రాశారు. మళ్ళీ తిరిగొచ్చింది. మూడోసారి “తెలియదు, అవసరం లేదు” అని రాశారు. అప్పుడు ఫారం తిరిగి రాలేదు, పరిశోధనా ముందుకు సాగలేదు. ఈ కథను ఆయన నవ్వుతూనే చెప్పారు. నేను నవ్వలేదు. నేనైనా ఆ ఫారాన్ని తిప్పి పంపేదాన్నే, ఆ మాటే ఆయనతో అన్నాను. ఆ రోజు నుంచి ఆయనకు నాతో మాట్లాడడం ఇష్టమైంది.

ప్రక్రియ అంటే ఏమిటో నాకు మెట్రో స్టేషనులో చెప్పారు. 2023 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, తనిఖీ దగ్గర ఆయన పక్క వరుసలో ఉన్నారు. నా వంతు రాగానే నేను చేతులెత్తాను. లోపలికి వెళ్ళాక, చేతులెత్తమని మీకెవరైనా చెప్పారా అని అడిగారు. లేదన్నాను.

“మరెందుకెత్తిన్రు? మీ ముందటామె ఎత్తింది, ఆమె ముందటామె ఎత్తింది. గదే ప్రక్రియ, మేడం. ఆ లైన్ల నిలవడ్డంక మనం కొత్తగ చేసేది ఏం లేదు. మన చెయ్యి మనదే, ఎత్తుడు మాత్రం లైనుది.”

ఇదే సూత్రాన్ని ఆయన మా కార్యాలయపు వీడ్కోలు మెయిళ్ళకు అన్వయించారు. ఈ ప్రాంతంలో పనిచేసినవారికి చెప్పనక్కర లేదు. ఉద్యోగం మానేసే ప్రతివారూ చివరి రోజు మధ్యాహ్నం “లాస్ట్ వర్కింగ్ డే” అనే శీర్షికతో అందరికీ ఒక మెయిలు పంపుతారు. ప్రయాణం, నేర్చుకున్న పాఠాలు, హోదా వారీగా కృతజ్ఞతలు, ఎవరినైనా నొప్పించి ఉంటే క్షమాపణ, ఫోను నంబరు. ఆయన వీటిని దాచేవారు. ఎవరు ఏ మాట ఎక్కడినుంచి తెచ్చుకున్నారో గుర్తుపట్టేవారు. వెళ్ళేవారు ఆయన దగ్గరకే వచ్చి రాయించుకునేవారు కూడా. నా లెక్కలో రెండున్నరేళ్ళలో అరవై ఒకటి రాశారు. ప్రతి ఒక్కరూ చివరికి తమ మెయిలు తామే రాశామని నమ్మేవారు. ఆయనకు కావలసిందీ అదే.

ఈ అరవై ఒక్క మెయిళ్ళ వెనుక నా చెయ్యి కూడా ఒకటుంది. చివరి రోజు మెయిలు అందిన పది నిమిషాలలో ఆ ఉద్యోగి ప్రవేశ కార్డును నిలిపివేయాలన్న నియమం రాసింది నేను. పంపింది నిజంగా ఆ ఉద్యోగేనా అని నిర్ధారించుకోవాలని అందులో రాయలేదు. చివరి రోజు మెయిలు ఇంకెవరు పంపుతారు? మూడు సవరణలు చేశాను. మూడుసార్లూ ఈ ప్రశ్న తట్టలేదు. ఆ పత్రం గురించి నాకు కొంత గర్వం కూడా ఉండేది.

2024 డిసెంబరు 13, శుక్రవారం. సంస్థ వార్షికోత్సవం. ఏటా జరిగే పాటలపోటీకి బదులు ఈసారి ఒక గంట “తలకిందుల వేళ” పెడదామని ఆయన నెల ముందే చెప్పి ఒప్పించారు. మూడు నుంచి నాలుగు వరకు శిక్షణలో ఉన్నవారు అధికారుల కుర్చీల్లో కూర్చోవాలి, అధికారులు టీ అందించాలి, ఇంగ్లిషు మాట్లాడినవారు గుంజీలు తీయాలి. ఇది జాతర లక్షణమని నాకు వివరించారు. జాతరలో చూసేవాడు, ఆడేవాడు అని ఇద్దరుండరు. పైనున్నవాడు కిందికి దిగుతాడు, దిగినందుకు చిన్నబోడు, ఎందుకంటే అందరూ దిగారు. గంట తర్వాత ఎవరి చోటికి వారు వెళ్తారు. అప్పుడిక దీనివల్ల లాభమేమిటని అడిగాను. ఒకసారి దిగినవాడికి మెట్లెన్నో తెలుస్తుందన్నారు.

మూడు గంటల రెండు నిమిషాలకు తలుపు తెరుచుకుని నేను లోపలికి వచ్చాను. అంటే, ఆయన నా వేషంలో వచ్చారు. నేత చీర, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు, చంకలో పొడవాటి రిజిస్టరు. ఇంతకాలం వేషం వేయని మనిషి రక్తంలో అదంతా ఎక్కడ దాగుందో తెలియదు. అంతస్తంతా తనిఖీ చేశారు. పకోడీకి సవరణ సంఖ్య ఏదని అడిగారు. ఒకతని నవ్వు ఆమోదం పొందలేదని రాసుకున్నారు. పెన్ను మూతతో బల్లను మూడుసార్లు తట్టి, “ఇది ఎవరు రాశారండీ? పేరేదీ?” అని నా గొంతుతో అడిగినప్పుడు జనం కుర్చీలు పట్టుకుని నవ్వారు. నేను లెక్కపెట్టాను. నా అలవాట్లు పదకొండు చూపించారు. అందులో నాలుగు నాకున్నాయని నాకు తెలియదు. ఆ సాయంత్రం ఇంట్లో చెబితే, పదకొండేనా అన్నారు మా ఆయన.

ఈలోగా వీపీ గారి కుర్చీలో శిరీష కూర్చుంది. శిక్షణలో ఉన్న సాఫ్ట్‌వేర్ పరీక్షల విభాగపు అమ్మాయి, వరంగల్ పిల్ల, జనవరిలో ఉద్యోగం ఖాయం కావలసి ఉంది. వీపీ గారు ఆటలో భాగంగా తన ల్యాప్‌టాప్ కూడా తెరిచి ఇచ్చి, టీ పళ్ళెం తేవడానికి కిందికి వెళ్ళారు. వీపీ గారి పేరు మీద ఒక ఉత్తుత్తి వీడ్కోలు మెయిలును మా తెలుగు మనిషి ముందే సిద్ధం చేసి పెట్టారు. తెలుగులో, శీర్షిక మాత్రం అలవాటు ప్రకారం “లాస్ట్ వర్కింగ్ డే”. శిరీష దానిని వీపీ గారి ధోరణిలో ఆగి ఆగి చదివింది. మూడు ఇరవై మూడుకు, చప్పట్ల మధ్య, పంపే మీట కూడా నొక్కింది. అది నాలుగో అంతస్తుకు వెళ్ళాలి. చిరునామా గడిలో యంత్రం మొదట చూపించిన పేరును ఎంచుకుంది. అది మొత్తం సంస్థ పేరు, బెంగుళూరుతో సహా.

తర్వాత జరిగినదంతా ప్రక్రియ తనంతట తాను చేసిన పని. శీర్షిక చూసినవారు లోపల చదవలేదు. ఇరవై నిమిషాల్లో నూట నలభై మూడు జవాబులు వచ్చాయి. అన్నిటిలోనూ శుభాకాంక్షలే, ఇంత హఠాత్తుగా అని విచారమే. చదివి రాసినవి రెండు. లేఖ తెలుగులో ఎందుకుందని ఒకటి. “పదకొండో వాక్యం నిరుడు నా మెయిలులోది సార్, వాడుకున్నందుకు సంతోషం” అని మరొకటి. కింద పాలనా విభాగం వారు నా నియమాన్ని అక్షరాలా పాటించారు. మూడు ముప్పై మూడుకు, పన్నెండు కప్పుల పళ్ళెంతో వీపీ గారు గాజు తలుపు దగ్గర కార్డు ఆనించారు. ఎర్ర దీపం వెలిగింది. మళ్ళీ ఆనించారు. లోపలివారు అదీ ఆటలో భాగమనుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మొదట ఆయన కూడా నవ్వారు. ఏడు నిమిషాలు అలాగే నిలబడ్డారు. నాలుగున్నరకల్లా ఆయన కుర్చీకి బెంగుళూరు నుంచి ఇద్దరు తమ ఆసక్తి తెలియజేశారు. అప్పుడు నవ్వు పోయింది.

అయిదు గంటలకు నన్ను పిలిపించారు. కంఠంలో కోపం లేదు, అందుకే భయం వేసింది. ఆట వేరు, అందరికీ పంపడం వేరు అన్నారు. బెంగుళూరు వారికి తాను జవాబు చెప్పుకోవాలన్నారు. “ఎవరు రాశారో నాకు ఒక్క పేరు కావాలి మేడం. ఈ అంతస్తులో ఎవరి రాత ఏదో మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. బుధవారానికి ఇవ్వండి.” ఆ పేరుకు జనవరి ఒకటి ఉండదని ఆయన చెప్పలేదు. కొత్త ఏడాది కాంట్రాక్టు కాగితాల కట్ట ఆయన మోచేతి కింద ఉంది.

సోమవారం ఉదయం తొమ్మిదీ యాభైకి మా మనిషి నా బల్ల ముందు వచ్చి నిలబడ్డారు. ఇస్త్రీ చొక్కా, తడి తల. చేతులు కట్టుకున్నారు.

“మేడం, మొన్న మీ వేషం ఏసింది నేనే.”

తెలుసన్నాను. నాకే కాదు, అంతస్తులో నూట పది మందికి తెలుసన్నాను.

“తెలిసినా చెప్పాలె. మా తాతలు ఊరు ఇడిసేముందు, రంగు కడుక్కొని ఇంటింటికి పోయెటోళ్ళు. ఫలానా నాడు మీ లెక్క వచ్చింది నేనే, తప్పుంటె మన్నించున్రి అనెటోళ్ళు. ఏసినోడే ఇప్పాలె. ఇప్పకుంట పోతె అది వేషం గాదు, దొంగతనం.”

మన్నించాను. పదకొండింటిలో ఒకటి తప్పని కూడా చెప్పాను. నేను కళ్ళజోడును కుడిచేత్తో కాదు, ఎడమచేత్తో తీస్తాను. ఆయన శ్రద్ధగా విని తల ఊపారు. తర్వాత గొంతు తగ్గించారు. నేను ముందుకు వంగాను. ఆ ఉత్తరం కూడా తనదేననీ, ఆ పేరు రాసి ఇచ్చేయమనీ, మీట నొక్కిన పిల్ల మీదికి ఏదీ రానివ్వొద్దనీ చెప్పారు.

నేను వెంటనే ఒప్పుకోలేదు. రెండున్నరేళ్ళుగా కర్త ఒక్కడు కాడని నాకు పాఠం చెప్పిన మనిషి, తీరా మెడమీదికి వచ్చినప్పుడు మెడ చాపడమేమిటి? ఆయన సిద్ధాంతంతోనే ఆయనను కాపాడతాననుకున్నాను. సోమవారమంతా, మంగళవారం మధ్యాహ్నం దాకా కూర్చుని, ఆ లేఖలోని పద్నాలుగు వాక్యాలకు పద్నాలుగు గళ్ళ పట్టిక వేశాను. ఆయన దాచిన పాత మెయిళ్ళు, వీపీ గారి ఉపన్యాసాల ప్రతులు, అన్నీ ముందు పెట్టుకుని ఒక్కొక్క వాక్యానికీ మూలం పట్టుకున్నాను. ఎనిమిది వాక్యాలు పాత వీడ్కోళ్ళ నుంచి వచ్చాయి. మూడు సాక్షాత్తూ వీపీ గారివి, మూడు నెలలకోసారి మాకిచ్చే ఉపన్యాసాల్లోవి. ఒకటి శిరీష అప్పటికప్పుడు చేర్చింది. ఒకటి చూసి ఉలిక్కిపడ్డాను, అది నాది. ఎప్పుడో టీ దగ్గర, మీరు వెళ్ళిపోతే చివరి మాట ఏం రాస్తారని అడిగారు. “నేను లేకపోయినా పని ఆగదు, ఆగకూడదు కూడా” అని చెప్పాను. పదమూడో వాక్యంగా అదే ఉంది.

మిగిలింది పద్నాలుగోది. “ఈ అంతస్తులో నాకు రోజూ టీ ఇచ్చిన మనిషి పేరు నాకు తెలియదు, తెలుసుకోకుండానే వెళ్ళిపోతున్నాను.” అరవై ఒక్క మెయిళ్ళలో ఇది లేదు. ఏ ఉపన్యాసంలోనూ లేదు. ఆ గడిలో “మూలం తెలియలేదు” అని రాశాను. అప్పటికి నా పదిహేనేళ్ళ ఉద్యోగంలో తెలిసి రాసిన మొదటి అబద్ధం అది.

మంగళవారం మూడు గంటలకు పట్టిక ఆయనకు చూపించాను. మెచ్చుకుంటారనుకున్నాను. నిజంగానే ఒక్కొక్క గడికీ ముఖం విప్పారుతూ వచ్చింది. వీపీ గారికి మూడు వాక్యాలు దక్కిన చోట చేత్తో నోరు మూసుకుని భుజాలు కదిలేలా నవ్వారు. తాను ఇరవై ఏళ్ళలో చేయలేని పరిశోధన నేను రెండు రోజుల్లో చేశానన్నారు. చివరి గడి దగ్గర ఆగారు. దాని మీద వేలు పెట్టారు.

“పదమూడు వాక్యాలు ఎవరెవరివో పట్టుకొచ్చిన్రు. ఈ ఒక్కటి నాదని రాస్తె మీ చెయ్యి అరుగుతదా, మేడం?”

ఆయన గొంతు పెరగడం నేను వినడం అదే మొదటిసారి. నేను పక్కనున్నవారు వినకుండా నెమ్మదిగా చెప్పాను. ఆ గడిలో పేరు రాస్తే కుర్చీ పోతుంది. రాయకపోతే చాలామంది రాసిన ఉత్తరమవుతుంది, ఎవరినీ ఏమీ అనలేరు. మీరు చెప్పిందే కదా, కర్త అవసరం లేదని. మీ సిద్ధాంతం ఏమైంది?

“సిద్ధాంతం పదమూడు వాక్యాలకు సరిపోయింది. పాపం, ఇంక దాన్నెంత తిప్పల పెడతం?” అని మళ్ళీ మామూలు గొంతుకు వచ్చారు. “కాలేజీల నేను చెప్పిన నోట్సు పిల్లలది. ఈడ మీట మీది మాట కంపెనీది. పోయెటోళ్ళ మెయిలు పోయెటోళ్ళది. ఫికర్ లేదు, నాకు గట్లనే ఇష్టం. ఇది ఒక్కటి ఎవ్వల దగ్గరికెల్లి తేలే. నేను చూసి రాసిన. వీపీ సారు టీ తీసుకునేటప్పుడు కప్పు దిక్కు చూస్తడు, మనిషి దిక్కు చూడడు. రెండున్నరేండ్లు చూసిన. దీనికి మూలం తెలియదంటె, నేను అంత కండ్లు పెట్టుకొని ఈడ కూసున్నది అబద్ధమైతది.”

రాయొద్దని ఒకసారి అడిగాను. రాయున్రి అన్నారు. రాస్తే ఏమవుతుందో తెలుసు కదా అన్నాను. “ఇగ రాయున్రి, మేడం.” జేబులోంచి ఒక పెన్ను తీసి ఇచ్చారు. ఎప్పటిలాగే రాయలేదు. నా పెన్నుతో రాశాను. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. ఆయన తల పక్కకు వంచి అక్షరం అక్షరం చూసి, ఇంటిపేరులో ఒక దీర్ఘం తక్కువైందని చెప్పి దిద్దించారు.

బుధవారం పదకొండు గంటలకు వీపీ గారు పట్టిక చదివారు. తన మూడు వాక్యాల దగ్గర కనుబొమ్మలు ముడిచి, కాసేపటికి కిందిపెదవి కొరుక్కున్నారు. నవ్వు ఆపుకున్నారని నా అనుమానం. చివరి గడి దగ్గర ఆ ఛాయ పోయింది.

“పదమూడింటికి నవ్వగలను మేడం. దీనికి నవ్వలేను,” అన్నారు. ఇంకేమీ అడగలేదు. అబద్ధమని కూడా అనలేదు. శిరీష ఊసు ఎత్తలేదు. కట్టలోంచి ఒక కాగితం తీసి పక్కన పెట్టారు. తెలుగు పని తగ్గినందువల్ల అని తర్వాత అధికారికంగా తెలియజేశారు. పని తగ్గలేదు, వచ్చే ఆరు నెలల పని జాబితా నా దగ్గరే ఉంది. ఆ మాట అప్పుడే వీపీ గారితో అన్నాను. కాగితం పక్కనే ఉండిపోయింది.

నా పట్టికే ఆయనను పట్టించింది. ఎవరిదీ కాని ఉత్తరమని నిరూపించబోయి, ఎవరిదో వేలు పెట్టి చూపించాను. పదమూడు వాక్యాలు తీసేయకపోతే పద్నాలుగోది అంత ఒంటరిగా, అంత స్పష్టంగా కనిపించేది కాదు. ఈ సంగతి ఆయనతో అంటే, దాన్నే లెక్క అంటారని నవ్వారు. ఆ రోజు టీలో చక్కెర వేయించుకున్నారు.

డిసెంబరు 31, మంగళవారం, సాయంత్రం నాలుగుకు లేచి వెళ్ళారు. ఆయన మెయిలు కోసం అంతస్తంతా ఎదురుచూసింది. రాలేదు. మెయిలు అందనందున పాలనా విభాగం వారు కార్డు నిలిపివేయలేదు. పట్టుకున్నది నేనే, పదకొండో రోజున. ఈలోపు ఆయన రెండుసార్లు వచ్చి, దర్జాగా తలుపు తెరుచుకుని, మా దగ్గర కూర్చుని టీ తాగి వెళ్ళారు. నియమం మీరానా అని అడిగారు. లేదు, నియమంలో ఈ సంగతి లేదన్నాను.

లెక్క ఇది.

పోయినవి: ఒక కుర్చీ, దాని వెంట ఒక మనిషి. నా నియమపత్రం మూడో సవరణ. నవ్వులకు కేటాయించిన గంట ఒకటి, మరుసటి ఏడు మళ్ళీ పాటలపోటీయే పెట్టారు. నా జాబితాలోని తెలుగు పని, దానిని ఇప్పుడు యంత్రం చేస్తున్నది.

ఉన్నవి: శిరీష ఉద్యోగం, జనవరి 20 నుంచి ఖాయం. నియమపత్రం నాలుగో సవరణ, “పంపినది ఆ ఉద్యోగియేనని నిర్ధారించుకోవాలి” అన్న వాక్యంతో. ఫిబ్రవరిలో ఒక ఉదయం వీపీ గారు టీ ఇచ్చే ఆమెను పేరు పెట్టి పిలిచారు. ఆ పేరు తప్పు. ఆమె దిద్దింది. మరునాటి నుంచి సరిగ్గానే పిలుస్తున్నారు.

ఇంకా, రచయిత అన్న శీర్షిక కింద, పద్నాలుగో గడిలో, దీర్ఘంతో సహా, ఒక పేరు.